నేనూ మా యారాలూ నేర్చుకున్న మాటలు

నిన్న మధ్యాహ్నం అన్నం తిని లేస్తుండగా ఓపెన్‌కాస్ట్‌ గనిలో బ్లాస్టింగు జరిగింది. మా గోదావరిఖనిలో ఇది వార్త కాదు. పగటిపూట ఒకసారి కిటికీ రెక్కలు గడగడలాడటం, అల్మారాలో స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి తట్టుకోవడం, గోడమీది బీట ఇంకో వెంట్రుకవాసి పెరగడం ఇక్కడ పుట్టినవాళ్ళకూ మెట్టినవాళ్ళకూ రోజువారీ సంగతులే. కొత్తగా వచ్చిన చుట్టాలు మాత్రం భూకంపమని బయటికి ఉరుకుతారు, మేం చూసి నవ్వుకుంటాం. అయితే నిన్న ఆ చప్పుడుకు నా కుడిచెయ్యి నాకు తెలియకుండానే వెళ్ళి రొమ్ము మధ్యన ఆనింది. అరచెయ్యి పూర్తిగా పరిచి, ఒక్క క్షణం అదిమి, తీసేశాను. మా కోడలు చూసింది. ఆమెది వరంగల్ వైపు. పెళ్ళై ఏడాది తిరగలేదు, మా ఇంటి అలవాట్లు ఇంకా ఒక్కొక్కటే తెలుసుకుంటోంది. "అత్తమ్మా, ఏమైంది? గుండెల నొస్తుందా? ఆటో పిలువాల్నా?" అంటూ గిన్నె అక్కడే వదిలి పరుగెత్తుకొచ్చింది. ఏం లేదన్నా వినలేదు. మంచినీళ్ళు తాగించింది, ఫ్యాను కింద కూర్చోబెట్టింది, దవాఖానకు పోదామని డ్యూటీలో ఉన్న మా అబ్బాయికి ఫోను కూడా కలిపింది. చివరికి చెప్పక తప్పలేదు. "అది నొప్పి కాదు బిడ్డా, అదొక మాట" అన్నాను. కోడలు నన్ను ఇంకా ఎక్కువ భయంగా చూసింది. ఆ మాట ఎక్కడ పుట్టిందో చెప్పాలంటే ముందు మా యారాలి గురించి చెప్పాలి.

తోటికోడల్ని మావైపు యారాలు అంటారు. యారాండ్ల మధ్య పొసగడమే వింత అని ఆడవాళ్ళందరికీ ఒక నమ్మకం. మా ఇద్దరి మధ్య పొసగకపోవడం కూడా లేదు. కొట్లాడుకోవాలన్నా కొంచెం పరిచయం ఉండాలి గదా. నేను మంథని దగ్గరి ఒక పల్లెనుంచి, ఏడో తరగతి చదివి, నాట్లు వెయ్యడం, కలుపు తియ్యడం నేర్చుకుని వచ్చినదాన్ని. మా ఆయన బాయిలో, అంటే బొగ్గుగనిలో, భూమి లోపల పనిచేసేవాడు. ఆమెది బెల్లంపల్లి. తండ్రి బాయిమీద క్లర్కు, ఇంటినిండా పుస్తకాలు, ఆదివారం చర్చి. ఇంటర్ పాసైంది. ఓపెన్‌కాస్ట్‌లో డంపరు నడిపే మా మరిది ఎవరి పెళ్ళిలోనో ఆమెను చూసి, ఆ తర్వాత వీలైనప్పుడల్లా బెల్లంపల్లి రైలెక్కి, చేసుకుంటే ఈమెనే అని భీష్మించుకున్నాడు. మా అత్తమ్మ సరేననలేదు, కాదనలేదు. పెళ్ళికి వచ్చింది, భోజనం చేసింది, మూతి మాత్రం తిప్పుకునే ఉంది. ఆ తర్వాత కొత్తకోడల్ని పేరు పెట్టి పిలవకుండా "బెల్లంపల్లామె" అనడం మొదలుపెట్టింది. బెల్లంపల్లామె తిన్నదా, బెల్లంపల్లామె బట్టలు ఆరేసిందా అని నన్నో గోడనో అడిగేది. ఆ పిలుపు ఇంట్లో అందరికీ అంటుకుంది. మావి పక్కపక్క కంపెనీ క్వార్టర్లు. మధ్యన నడుమెత్తు గోడ, ఇద్దరికీ ఒకటే నల్లా. నేను బిందె తీస్తే ఆమె బిందె పెట్టేది. "అయ్యిందా అక్కా" అంటే "అయ్యింది" అనేదాన్ని. కొన్నేళ్ళపాటు మా మాటలన్నీ కలిపితే అంతే.

వాళ్ళకు ఆడపిల్ల పుట్టింది. పెద్ద కళ్ళు, ఎటు చూస్తే అటే అతుక్కుపోయే చూపు. నా కొడుకులిద్దరూ పక్కనే గోలచేస్తున్నా హాయిగా నిద్రపోయేది. ఇంత నెమ్మదైన పిల్ల ఎక్కడుంటుందని మురిసిపోయాం. అయితే మధ్యాహ్నం బ్లాస్టింగుకు మాత్రం ఉలిక్కిపడేది. చాపమీద పడుకున్న పిల్ల రెండు చేతులూ గాల్లోకి ఎగరేసి, తర్వాత ఒక చెయ్యి తెచ్చి రొమ్ముమీద పెట్టుకునేది. బెల్లంపల్లి నుంచి వచ్చిన వాళ్ళ అమ్మమ్మ ఒకసారి అనుమానపడి, పిల్లకు చెవులు బాగున్నాయా అని అడిగితే మా అత్తమ్మ మండిపడింది. "బాంబు పేలితె దునికే పిల్లకు చెవుడేందమ్మా? మీకన్న మంచిగనే ఇనవడతది." అందరం అవునన్నాం. ఆ చప్పుడు నేలలోనుంచి ఎక్కి పిల్ల ఎముకల్లోకి వస్తోందని ఎవరికీ తట్టలేదు. పిల్ల నడక నేర్చి వాకిట్లో తిరిగేదాకా ఆ బ్లాస్టింగు మమ్మల్ని అలా నమ్మిస్తూనే ఉంది.

ఒకరోజు పొద్దున నల్లా దగ్గర నా చేతిలోంచి నిండు బిందె జారి గచ్చుమీద పడింది. కుక్క ఉరికింది, చెట్టుమీది కాకులు లేచాయి, అత్తమ్మ లోపలినుంచి నా పుట్టింటివాళ్ళనందరినీ తలుచుకుంది. పిల్ల మాత్రం నా వెనకే కూర్చుని, తల తిప్పకుండా చింతగింజలు ఒకటొకటిగా గిన్నెలో వేసుకుంటోంది. నీళ్ళు వెళ్ళి గౌను తడిసినప్పుడు చూసింది. నేను యారాలి వైపు చూశాను. ఆమె అప్పటికే నావైపు చూస్తోంది. ఒకే సంగతిని ఒకే క్షణంలో మేమిద్దరం అర్థం చేసుకోవడం అదే మొదలు. అంత ఘోరమైన సంగతితో మొదలుకావాల్సింది కాదు. ఆమె చప్పట్లు కొట్టింది, నేను మూత తీసి గిన్నెమీద బాదాను, ఆమె బిడ్డ పేరు గట్టిగా, ఇంకా గట్టిగా పిలిచింది. పిల్ల ఇంకో చింతగింజ వేసింది.

డాక్టరు పుట్టుకతోనే వినికిడి లేదన్నాడు. చెవికి మిషను పెట్టినా పెద్దగా లాభం ఉండదని, ఇలాంటి పిల్లలకు మాటలు నేర్పే టీచరమ్మ కరీంనగర్‌లో ఉందని, వారానికోసారి తీసుకుపోతే తల్లికి కూడా నేర్పుతుందని చెప్పాడు. మా మరిదికి షిఫ్టు డ్యూటీ. ఎవరు తోడు పోవాలనే మాట వచ్చినప్పుడు అత్తమ్మ తలుపు చట్రానికి ఆనుకుని, ఎవరి మొహమూ చూడకుండా, "ఒక్కామె పిల్లనెత్తుకోని గంత దూరం ఎట్ల పోతది? పెద్దదానా, నువ్వు పో" అంది. అలా మేమిద్దరం, మధ్యలో కిటికీ పక్కన పిల్ల, ప్రతి వారం ఎర్రబస్సెక్కాం. మొదటిరోజు పోయేటప్పుడు కూడా, వచ్చేటప్పుడు కూడా మేం ఒక్క మాట మాట్లాడుకోలేదు. పిల్లొక్కతే మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

టీచరమ్మ పొట్టిగా, గట్టిగా ఉండేది. చేతులతో సైగలు చేస్తే పిల్లకు మాటలు రావు, పెదవులు చూసి అర్థం చేసుకోవడం నేర్పాలి అనేది ఆమె సిద్ధాంతం. మేం క్లాసులో చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోవాలి. జీవితంలో ఎన్నడూ చేతులు కదపకుండా మాట్లాడి ఎరగని నాకు అది ఊపిరి బిగబట్టడంలాగే ఉండేది. నోటి ముందు కాగితం ముక్క పట్టుకుని "ప" అంటే కాగితం ఎగరాలి. పిల్ల చెయ్యి మా గొంతుమీద పెట్టించి "ఆ" అనాలి. ముందు మీకు రావాలి, తర్వాతే పిల్లకు అని చెప్పి, మా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరి చెవుల్లో దూది కుక్కి, ఇంకొకరిని గొంతు లేకుండా మాట్లాడమనేది. నాకు అక్షరమ్ముక్క అందేది కాదు. ప, బ, మ మూడూ పెదవులమీద ఒకటే. ఇంటి దగ్గర కూడా అభ్యాసం చేయాలి కాబట్టి ఒకరోజు గోడకు అటు ఆమె, ఇటు నేను నిలబడ్డాం. ఆమె నోరు తెరిచి ఏదో చెప్పింది. "మబ్బు పాడిందా?" అన్నాను. తల అడ్డంగా ఊపి మళ్ళీ చెప్పింది. నేను మళ్ళీ మబ్బు పాడిందనే అన్నాను, మబ్బెట్ల పాడుతుందని కోపం కూడా తెచ్చుకున్నాను. ఇంతలో వాసన వచ్చింది. మా వంటింట్లో పప్పు మాడింది. ఆమె చెప్తున్నది అదే. ఇద్దరం గోడ పట్టుకుని ఎంత నవ్వామంటే, అత్తమ్మ బయటికొచ్చి మాడిన పప్పునూ మమ్మల్నీ మార్చి మార్చి చూసి, తిట్టడం కూడా మరిచిపోయింది.

గొంతు లేని మాటకు ఒక సుఖం ఉంది. అత్తమ్మ మంచంమీద కూర్చుని ఉండగానే ఏమైనా మాట్లాడుకోవచ్చు. ఆ సంగతి మాకు తెలియడానికి కొన్నాళ్ళు పట్టింది. ఒక సాయంత్రం బియ్యం ఏరుతుంటే ఆమె నావైపు తిరిగి పెదవులు కదిపింది. "నన్ను", "ఇంట్ల" అన్నంతవరకు అందింది. తర్వాతి మాట అందలేదు. మళ్ళీ అనమన్నాను. రెండోసారి కూడా అందలేదు. బాధ చెప్పుకునేవాళ్ళు ఒకసారే చెప్తారు. చూసేవాళ్ళకు చదవడం రాకపోతే అదే బాధను మళ్ళీ మళ్ళీ తవ్వి బయటికి తీయాలి. మూడోసారి అనేసరికి ఆమె కళ్ళలో నీళ్ళు నిండాయి, అయినా నా వీలు కోసం నెమ్మదిగా, ఒక్కొక్క మాట విడదీసి చెప్పింది. "నన్ను ఈ ఇంట్ల ఎవ్వరు పేరు పెట్టి పిలువరు." నేను చేటలో బియ్యం అలాగే పెట్టి, గొంతు లేకుండా ఆమె పేరు పలికాను. పెదవులు రెండుసార్లు కలిసి విడిపోయే పేరు అది. ఆమె తప్పు చదివే అవకాశమే లేదు. మర్నాడు నల్లా దగ్గర అదే పేరు గొంతు పెట్టి పిలిచాను, అత్తమ్మ వినేటట్టే. ఇక్కడ మాత్రం రాయను. ఆ పేరుకు పలికే మనిషి ఉన్నప్పుడే దాన్ని పిలవాలనిపిస్తుంది.

నా వంతు కూడా వచ్చింది. నీ ముందర నోరు తెరవాలంటే నాకు భయం, ఏ మాట తప్పుపోతుందోనని, అని నేనూ పెదవులతోనే చెప్పాను. ఆమె నమ్మలేదు. తనకే నేనంటే భయమట. పెళ్ళైన కొత్తలో బొగ్గు పొయ్యి రాజెయ్యడం చేతకాక పొగలో కూర్చుని ఏడుస్తుంటే, గోడ అవతల నేను ఒక్క అగ్గిపుల్లతో పొయ్యి ముట్టించి కూనిరాగం తీసేదాన్నట. అది తనను ఎక్కిరించడానికేనని అనుకుందట. ఒకరినొకరం ఎంత తప్పుగా చదువుకున్నామో అప్పుడు తెలిసింది. వినే చెవులున్న మేమిద్దరం అన్నేళ్ళు అలా ఉన్నాం. వినపడని పిల్ల కోసం నేర్చుకోబోయి, ముందు ఒకరికొకరం అర్థమయ్యాం.

టీచరమ్మ వద్దన్నా ఇంటికొచ్చాక చేతులు ఊరుకోలేదు. ముందు పిల్లే మొదలుపెట్టింది. నుదుటిమీద పిడికిలి పెడితే మా ఆయన, ఎందుకంటే డ్యూటీకి పోయేటప్పుడు టోపీమీది లైటు అక్కడుంటుంది. మెడ దగ్గర వేలుతో తాకితే వాళ్ళమ్మ, అక్కడ ఆమె సన్నటి దారానికి సిలువ వేసుకునేది. బొట్టు చోట చూపుడువేలు పెడితే నేను. బుగ్గ ఒకవైపు ఉబ్బిస్తే అత్తమ్మ, దవడన తంబాకు పెట్టుకుంటుంది కాబట్టి. మేం నేర్చుకోవడానికి ఏడాదులు పడితే అత్తమ్మకు ఎవరూ ఏమీ నేర్పనక్కర్లేకపోయింది. ఆమె తిట్లకూ ముద్దులకూ మొదటినుంచీ చేతులున్నాయి. పిల్లకు అందరికన్నా ముందు, అందరికన్నా బాగా అర్థమైంది ఆమే. "మీకేం రాదు, గట్ల పెదిమలు కొరుక్కుంట కూసోండ్రి" అని మమ్మల్ని వెక్కిరించి, పిల్లను ఒళ్ళో వేసుకుని ఊళ్ళోవాళ్ళందరి కథలూ చేతులతోనే చెప్పేది. ఆ ఒడిలోంచి పిల్ల తలెత్తి నవ్వుతుంటే, కొన్నాళ్ళకు అత్తమ్మ కూడా "బెల్లంపల్లామె" అనడం మానేసి, ఎప్పుడు మానేసిందో ఎవరికీ గుర్తులేనంత మామూలుగా, కోడల్ని పేరుతో పిలవసాగింది.

అర్థం కాకపోయినా తల ఊపే అలవాటు పిల్లకు ఒకటి ఉండేది. ఎదుటివాళ్ళు విసుక్కోకుండా ఉండాలని ఊపేది. పెద్దవాళ్ళం మేం కూడా అంతే చేస్తామని మా యారాలు కనిపెట్టింది. డాక్టరు ముందు, టీచరమ్మ ముందు, మొగుళ్ళ ముందు అర్థం కాకున్నా తల ఊపేస్తాం. "మన ముగ్గురి మధ్యల తల ఊపుడు బంద్ అక్కా. నిజంగ తెలిస్తెనే చెప్పాలె" అంది. నిజంగా తెలిసిందని చెప్పడానికి ఒక గుర్తు కావాలి. బ్లాస్టింగు ఒక్కటే పిల్లకు లోపలిదాకా అందే సంగతి. అప్పుడు తను చేసినట్టే అరచెయ్యి రొమ్ముమీద పెట్టడం మా ముగ్గురికీ "నాకు అందింది" అనే మాట అయింది. నిన్న కోడలు నొప్పి అనుకున్నది దాన్నే. అది పెట్టకపోతే ఎన్నిసార్లయినా మళ్ళీ చెప్పాల్సిందే. కూరగాయల బేరం అయినా, కడుపులో బాధ అయినా అదే లెక్క. ఒకసారి దేవుడికి గుర్తు ఏం పెట్టాలని మా ఇద్దరికీ చిన్న వాదం వచ్చింది. నేను చేతులు జోడించి చూపాను. ఆమె వేలితో పైకి చూపించింది. ఇద్దరం పట్టు వదల్లేదు. పిల్ల మా ఇద్దరినీ కాసేపు చూసి, రెండు కళ్ళూ గట్టిగా మూసుకుంది. నాతో గుడికి, తల్లితో చర్చికి వచ్చే పిల్లకు రెండుచోట్లా కనిపించింది అదే. ఆ రోజునుంచి మా ఇంట్లో కళ్ళు మూసుకుంటే దేవుడు.

పిల్ల పెద్దదైంది. హైదరాబాద్‌లో చెవిటి పిల్లల హాస్టల్ బడికి పంపక తప్పలేదు. మొదటి సెలవులకు వచ్చినప్పుడు ఆమె చేతులు మారిపోయి ఉన్నాయి. అక్కడ పెద్దపిల్లలు మాట్లాడే అసలైన సైగల భాష నేర్చుకుని వచ్చింది. దానికి వ్యాకరణం ఉంది, వేగం ఉంది, మాకు తెలియని వేల మాటలున్నాయి. మా పాతమాటలు చూసి ముద్దుగా నవ్వింది, పెరిగిన పిల్లలు చిన్నప్పటి గౌను చూసి నవ్వినట్టు. తిరిగి పంపడానికి వెళ్ళినప్పుడు బస్టాండులో ఆమె స్నేహితురాళ్ళు కనిపించారు. నలుగురూ గుండ్రంగా నిలబడి చేతులు ఎగరేస్తూ విరగబడి నవ్వుతున్నారు. మేం బెంచీమీద సంచులు పట్టుకుని కూర్చున్నాం. "మన బిడ్డ మనకు తెల్వని భాషల నవ్వుతున్నదక్కా" అంది మా యారాలు. సంతోషపడాలో ఏడవాలో తెలియని గొంతు. మళ్ళీ తనే, "ఏముంది, మళ్ల నేర్సుకుందాం. అప్పుడు నేర్సుకోలేదా" అంది. ఆ తర్వాత ప్రతి సెలవుల్లో పిల్ల టీచరు, మేమిద్దరం విద్యార్థులం. వాకిట్లో చాపేసి కూర్చునేవాళ్ళం. యారాలికి ఇట్టే వచ్చేవి. నా వేళ్ళు మొరాయించేవి. నేను తప్పు చేస్తే ఆమె కావాలని ఇంకో తప్పు చేసేది, పిల్ల నన్నొక్కదాన్నే కోప్పడకుండా.

ఈలోగా అత్తమ్మ కాలం చేసింది. మా ఆయన రిటైరై, క్వార్టరు వదిలి, కొంచెం దూరంలో సొంతిల్లు కట్టుకున్నాం. గోడ లేదు, నల్లా లేదు, అయినా పొద్దున్నే ఆమె ఫోను, సాయంత్రం నా రాక తప్పేవి కావు. అప్పుడు కరోనా వచ్చింది. హాస్టల్ మూసేస్తే పిల్ల ఇంటికొచ్చింది. ఊరంతా మాస్కులు పెట్టుకోగానే పిల్లకు లోకం మూతపడింది. కిరాణం కొట్టాయన ఏమన్నాడో తెలియదు, పక్కింటివాళ్ళు నవ్వుతున్నారో విసుక్కుంటున్నారో తెలియదు. మా యారాలు చొక్కాల పెట్టెలమీది పారదర్శకపు కాగితాన్ని కత్తిరించి, మాస్కుల మధ్యన నోటి దగ్గర కిటికీ కుట్టింది. అందరికీ పంచింది. మాట్లాడటం మొదలుపెట్టగానే ఆ కిటికీ ఆవిరితో మబ్బుపట్టేది. తుడుచుకుంటూ మాట్లాడేవాళ్ళం. ఆ వేషాల్లో మమ్మల్ని చూసి కాలనీ అంతా నవ్వింది, పిల్ల మాత్రం తల్లి రెండు చెంపలూ పట్టుకుని ముద్దుపెట్టింది.

ఆ జబ్బు రెండోసారి విరుచుకుపడ్డ ఎండాకాలంలో ముందు మరిదికి జ్వరమొచ్చి తగ్గింది. తర్వాత ఆమెకు తగులుకుంది. రెండు రోజులు ఇంట్లోనే ఉంది, నాకేం ఫికర్ లేదక్కా, నువ్వు ఇటు రాకు అని ఫోనులో నన్ను కసిరింది. ఆయాసం ఎక్కువయ్యాక దవాఖానలో చేర్చారు. లోపలికి ఎవరినీ రానివ్వలేదు, ఆ రోజుల్లో ఎక్కడైనా అంతే. నేనూ పిల్లా గేటు బయట రేకుల పందిరి కింద కూర్చునేవాళ్ళం. లోపల పనిచేసే నర్సమ్మ ఒకామె, ఒళ్ళంతా తెల్లటి తొడుగుతో కళ్ళు మాత్రమే కనిపించే మనిషి, దయతలచి మధ్యాహ్నంపూట తీరిక దొరికితే వీడియో కాల్ కలిపేది. ఆమె మొహం నేనెప్పుడూ చూడలేదు, చూస్తే గుర్తుపట్టలేను. రోజూ దేవుడికి మొక్కేటప్పుడు ఆమెను కూడా తలుచుకుంటాను.

ఫోనులో మా యారాలు కనిపించేది. నోటికీ ముక్కుకూ ఆక్సిజన్ మాస్కు. గొంతు వచ్చేది కాదు, పెదవులు కనిపించేవి కావు. వేరే తల్లీబిడ్డలైతే కన్నీళ్ళతో సరిపెట్టుకునేవాళ్ళే. మాకు చేతులున్నాయి. ఆమె ఒక చేతికి సూది ఉండేది, రెండో చేత్తోనే అన్నీ అడిగేది. తిన్నారా. నాన్నకు మళ్ళీ జ్వరం రాలేదు గదా. నల్లా నీళ్ళు వస్తున్నాయా. ఫోను పట్టుకున్న నర్సమ్మ ఆశ్చర్యపోయి, "ఇక్కడ అందరికన్న ఎక్కువ ముచ్చట పెట్టేది ఈమెనే" అంది. మేం నవ్వాం. మాస్కు పైన ఆమె కళ్ళు కూడా నవ్వాయి.

చివరిరోజు ఆమె కళ్ళు నవ్వలేదు. పిల్లను చూసింది, నన్ను చూసింది, చెయ్యెత్తింది. రెండు వేళ్ళు జోడించి కణత దగ్గర ఆనించి, అక్కడినుంచి మెడ పక్కగా కిందికి తెచ్చి, అరచెయ్యి విప్పి మావైపు చాపింది. ఆ సైగ నేనెప్పుడూ చూడలేదు. మా పాతమాటల్లో లేదు. పిల్లను చూశాను, తల అడ్డంగా ఊపింది, తను నేర్చుకున్న భాషలో కూడా లేదు. "తెలియలేదమ్మా, మళ్ళీ" అని పిల్ల చేత్తో అడిగింది. ఆమె మళ్ళీ చేసింది. అదే కణత, అదే మెడ, అదే విప్పిన చెయ్యి. పిల్ల ఫోనును మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. "మళ్ళీ" అంది. ఎత్తిన చెయ్యి సగం దూరమే వచ్చి దుప్పటిమీద పడింది. వెనక ఎవరో పిలుస్తుంటే నర్సమ్మ ఒక్క నిమిషం, ఒక్క నిమిషం అంటోంది. మాకు అందలేదని ఆమెకు అర్థమైంది. మా మొహాలు చదవడం ఆమెకు రాకపోతే ఇంకెవరికి వస్తుంది? నెమ్మదిగా చెయ్యి లేపి, భుజంమీదుగా వెనక్కి విసిరినట్టు చేసింది. పిల్ల చిన్నప్పుడు వంటపనిలో ఉండి రోజుకు పదిసార్లు వాడిన మాట అది. తర్వాత. తర్వాత చెప్తా. అది మాత్రం మా ఇద్దరికీ స్పష్టంగా తెలిసింది. ఫోను ఆగిపోయింది. మర్నాడు తెల్లవారుతుండగా మరిదికి కబురొచ్చింది.

సమాధి దగ్గరికి నలుగురికే అనుమతి. పాస్టరు దూరంగా నిలబడి ప్రార్థన చదివాడు. మాస్కు చాటున ఆయన ఏం చదివాడో పిల్లకు తెలియలేదు, నేను పక్కన నిలబడి నాకు చేతనైన పాతమాటల్లో చెప్పాను. కళ్ళు మూసుకుని చూపించాను, పైకి చూపించాను. పిల్ల నా చేతులు పట్టుకుని ఆపేసింది. ఇక చెప్పనివ్వలేదు.

ఆ సైగ ఏమిటని మేం చాలా కాలం తల బద్దలు కొట్టుకున్నాం. ఊపిరాడక చెయ్యి తడబడిందంతే వదినా, దానికి అర్థం లేదు అంటాడు మా మరిది. అలా అనుకుంటేనే ఆయనకు నిద్రపడుతుంది. జడ వేసుకోవడం మానొద్దని చెప్పిందేమోనని పిల్ల ఒకసారి, నా చెవిపోగులు నువ్వు పెట్టుకో అని చెప్పిందేమోనని ఇంకోసారి అంది. నాకు మాత్రం అది ఆ మంచంమీద అప్పటికప్పుడు పుట్టించిన కొత్తమాట అనిపిస్తుంది. మేం ఎన్నో మాటలు అలాగే పుట్టించుకున్నాం. ఒకరు చెయ్యి కదిపితే, ఇద్దరం కూర్చుని కాదు కూడదని వాదించుకుని దానికి అర్థం కుదుర్చుకునేవాళ్ళం. సగం పని చెప్పేవాళ్ళది, సగం పని చూసేవాళ్ళది. ఈ మాటకు ఆమె తన సగం చేసి వెళ్ళిపోయింది. మా సగం మేం చేయలేకపోయాం. ఒంటరిగా ఉన్నప్పుడు అద్దం ముందు నిలబడి ఆ సైగ చేసి చూసుకుంటాను. నా చేతిమీద అది ఇంకా వట్టి కదలికే.

పిల్ల ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో కంప్యూటరు పని చేస్తోంది. ఆదివారాలు వీడియో కాల్ చేసి, పెద్దమ్మా, పాఠం అంటుంది. ఆమె పెళ్ళి చేసుకోబోయే అబ్బాయికి కూడా వినపడదు. వాళ్ళింట్లో అందరూ అసలైన సైగల భాషలోనే మాట్లాడతారట. రేపు వాళ్ళు నా ఇంటికి వస్తే నేను మూగదానిలా కూర్చోకూడదని నా పట్టుదల. ఈ వయసులో వేళ్ళు వంగవు. నిన్న నేర్చుకున్నది ఇవాళ ఉండదు. పిల్లకు ఓపిక ఎక్కువ, అచ్చం వాళ్ళమ్మలాగే ఒక్కొక్క మాట విడదీసి చూపిస్తుంది. కోడలు కూడా ఈమధ్య కూరగాయలు తరుగుతూ పక్కన చేరి చూస్తోంది. నేనేదో తప్పు చేస్తే పిల్ల అక్కడినుంచి దిద్దుతుంది, నేను దిద్దుకుంటాను, పాఠం ముందుకు పోతుంది. నేర్చుకోవడానికి నాకు ఇంకా కాలముంది. నాతోపాటు తప్పు చేసే మనిషికే లేకపోయింది.